నాందేడ్ జిరాక్సు దర్శనం

నాందేడ్ వెళ్లొచ్చి నెల దాటింది. బాపట్లలో ఎదురైనవాళ్లంతా అడిగేది ఒకటే మాట: "అక్కడ కాలేజీ లైబ్రరీ అంతా యంత్రాల మీదే నడుస్తుందట కదండీ?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఒక్కసారే రాసి పడేస్తున్నాను. నాందేడ్ చూడనివాళ్లు చదువుకోండి. చూసినవాళ్లు నన్ను తిట్టుకోండి.

నేను ఇరవై రెండేళ్లుగా ఒక కాలేజీలో లైబ్రేరియన్ని. ఈ మధ్య పేపరు తెరిస్తే కంప్యూటరు, రేడియో పెడితే కంప్యూటరు. మా ప్రిన్సిపాల్ గారికీ ఆ గాలి సోకింది. హైదరాబాదులో ఏదో సభకు వెళ్లి, నాందేడ్ నుంచి వచ్చిన జోషీ అనే లైబ్రేరియను తెర మీద బొమ్మలు వేసి మరీ చేసిన ఉపన్యాసం విని, ఊగిపోతూ తిరిగొచ్చారు. యంత్రాల సాయంతో పాఠకులకు ఎంతెంత సేవ చేయవచ్చో ఆ జోషీ గారు చెప్పాడట.

"మీరు వెళ్లి కళ్లారా చూసి రండి. బాగుందని రాసిస్తే వచ్చే ఏటి గ్రాంటుతో మనమూ ఒక జిరాక్సు మెషీను కొందాం. లేదంటే ఆ డబ్బుతో ఆటస్థలానికి ప్రహరీ కట్టిస్తాను" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

పాఠకసేవ అంటే ఏమిటో నాకు నేర్పడానికి నాందేడ్ కావలసి వచ్చిందన్నమాట! లోపల మండింది. పైకి మాత్రం చిత్తం అన్నాను. ఆ ఉపన్యాసంలో డొల్ల ఎంతో చూసి రావాలని నాకూ ఉంది.

చిన్న పట్టాల మీద

సికింద్రాబాదులో పెద్ద రైలు దిగి చిన్న పట్టాల రైలెక్కాలి. దాని వేగం గురించి నేను చెప్పను. కామారెడ్డి దాటాక ఒకాయన కదులుతున్న పెట్టెలోంచి దిగి, పొలం గట్టున పని చూసుకుని, మళ్లీ అదే పెట్టె ఎక్కాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

నా ఎదురుగా కూర్చున్నాయన ధర్మాబాద్ మిర్చి వ్యాపారి. మహారాష్ట్రలో తరతరాలుగా తెలుగువాళ్లున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన నోరు విప్పాక కూడా అది తెలుగేనని నమ్మడానికి కొంతసేపు పట్టింది.

"యాడికి వోతున్నరు సార్?"

"నాందేడ్. అక్కడ కాలేజీ లైబ్రరీ చూడ్డానికి."

"లైబ్రరీ జూస్తందుకు గింత దూరం అచ్చిండ్రా? మీ ఊర్ల పుస్తకాలు లెవ్వా?"

ఈ ప్రయాణం మొత్తంలో నన్ను ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. ఆయన మొహమాటపడకుండా నా తెలుగు మీద కూడా ఒక మాట అన్నాడు: "మీరు మాట్లాడుతుంటె రేడియోల వార్తలు ఇన్నట్టే ఉన్నది." పొగడ్త అనుకుని నవ్వాను. పక్కనున్న ఆయన తమ్ముడు కూడా నవ్వడం చూశాక, కాదేమోనని అనుమానం వచ్చింది.

మధ్యాహ్నం ఆయన గుడ్డమూట విప్పి, జొన్నరొట్టె మీద పచ్చిమిరపకాయ నూరిన ముద్ద పెట్టి నా చేతికిచ్చాడు. దాన్ని ఠేచా అంటారట. "జెర కారం ఉంటది సార్, సూస్కోని" అన్నాడు. గుంటూరు జిల్లావాడితో అనవలసిన మాటేనా అది? ఓ పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. తరువాత ముద్ఖేడ్ జంక్షన్ వచ్చేదాకా నాకు జరిగింది సరిగా గుర్తులేదు. కిన్వట్ వైపు వెళ్లేవాళ్లు దిగుతూ నన్ను జాలిగా చూశారు. వ్యాపారి తన కూజాలోని నీళ్లన్నీ నాకే తాగించాడు. ఒక్క మాట కూడా ఎత్తి పొడవలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

స్టేషను బయట

నాందేడ్‌లో లాడ్జి గదికి పదిహేను రూపాయలు. వేడినీళ్ల బకెట్టుకు అర్ధరూపాయి వేరే. టీ అడిగితే అరకప్పే పోస్తారు, అడగకపోయినా రెండోసారి పోస్తారు. భోజనం నాలుగు రూపాయలు. మా ఊళ్లో మూడున్నరకే విస్తరి నిండా అన్నం పెడతారు. ఇక్కడ రొట్టెల మీద రొట్టెలు వేసి, ఇంక లేవబోతుండగా చిన్న గిన్నెతో అన్నం తెచ్చి, మందు వేసినట్టు రెండు గరిటెలు వేశారు. మరికాస్త అడిగితే, వడ్డించేవాడు లోపలికి వెళ్లి యజమానిని అడిగి వచ్చాడు. అరటిపళ్లు మాత్రం అద్భుతం. అర్ధాపూర్ నుంచి బండ్ల మీద వస్తాయట. డజను మూడు రూపాయలు. ఈ ఒక్క విషయంలో నేను నోరు మూసుకుంటున్నాను.

చెప్పులు బయట

మర్నాడు పదిన్నరకు కాలేజీకి వెళ్లాను. లైబ్రరీలో మొదట కనిపించింది నౌకరు హణ్మంతు. బిలోలి వైపు పల్లెవాడు, యాభై దాటిన మనిషి. నేను తెలుగువాణ్నని తెలియగానే ముఖం వెలిగింది. మేడ మీద గది దాకా తీసుకెళ్లి గుమ్మం దగ్గర ఆపాడు.

"చెప్పులు గీడ్నే ఇడ్వుండ్రి సార్. తొడుక్కోని లోపట్కి పోతె జోషీ సాబ్ గుస్స అయితరు."

"ఏం, గుడా?"

"గుడి లెక్కనే సార్. మషిన్ ఉన్నది."

లోపల చల్లగా ఉంది. ఆ ఊళ్లో నేను చూసిన ఏసీ అదొక్కటే. నడిమి బల్ల మీద, నెమళ్లు కుట్టిన గుడ్డ ముసుగు కింద జిరాక్సు మెషీను కొలువై ఉంది. ఆ కుట్టుపని జోషీ గారి భార్యదట. ముసుగు తీస్తే దాని నుదుట కుంకుమ బొట్టు, మెడలో దసరా నాటి బంతిపూల దండ, పక్కన అగరొత్తుల స్టాండు. తయారైన చోట మూత మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని ఇంకా ఒలవలేదు.

జోషీ గారు పొట్టిగా, శుభ్రంగా, ఎంతో మర్యాదగా ఉన్నాడు. ఆయన హిందీలో మాట్లాడాడు, నేను నా హిందీలో తడుముకున్నాను. ఆ సంభాషణను తెలుగులోనే రాస్తున్నాను.

"మూడేళ్లయింది. ఒక్క రిపేరు లేదు, ఒక్క గీత లేదు. ఈ లెక్క చూడండి" అని ఆయన యంత్రానికే ఉన్న చిన్న కిటికీలో అంకెలు చూపించాడు. ఎన్ని కాగితాలు తీస్తే అంత అంకె పడుతుందట. నూట పదిహేడు ఉంది.

"రోజుకా?" అన్నాను.

"మొత్తం మూడేళ్లకు" అన్నాడు గర్వంగా. "తనిఖీ కమిటీవాళ్లు కూడా ఇదే చూసి మెచ్చుకున్నారు. జిల్లాలో ఇంత కొత్తగా ఉన్న యంత్రం ఇంకోటి లేదన్నారు."

"మరి విద్యార్థులకు?"

ఆయన నన్ను చిన్నపిల్లవాణ్ని చూసినట్టు చూశాడు. "విద్యార్థులకిస్తే ఊరుకుంటారా? రోజుకు వంద పేజీలు అడుగుతారు. ఏడాదిలో పాతదైపోతుంది."

ఆ నూట పదిహేడూ ఏమిటో చూపిస్తానని ఒక పెద్ద ఆల్బమ్ తెచ్చాడు. నేను తెరిచాను. పేజీకి ఒక అరచేయి! వచ్చిన ప్రతి పెద్దమనిషి కుడిచేతినీ ఆ గాజు మీద పెట్టించి నకలు తీశారు. కింద పేరు, హోదా, సంతకం, లైబ్రరీ ముద్ర. బొద్దు చేతులు, ఉంగరాల చేతులు, గడియారం చేతులు. ఒక పెద్దాయన రెండు చేతులూ పెట్టాడు. యంత్రసాయంతో పాఠకసేవ అని హైదరాబాదులో తెర మీద బొమ్మలు వేసి చెప్పింది ఇదన్నమాట.

ఇంకో మూల మైక్రోఫిల్ము చదివే యంత్రం ఉంది. చదవడానికి ఫిల్ము ఇంకా రాలేదు. దాని దీపం వెలుతురు బాగుంటుందని జోషీ సాబ్ దాని ముందు కూర్చుని గోళ్లు తీసుకుంటాడని హణ్మంతు తరువాత చెప్పాడు. పక్క గదికి "కంప్యూటర్ విభాగం" అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించారు. లోపల కుర్చీ, బల్ల, నీళ్ల కుండ ఉన్నాయి. కంప్యూటరు ఎప్పుడొస్తుందని అడిగితే, బోర్డు రాసిన పెయింటరు మంచివాడని చెప్పాడు జోషీ గారు.

"మీ దగ్గర ఏమేం ఉన్నాయి?" అన్నాడాయన చివరికి.

నేనెందుకు తగ్గాలి? "యంత్రాలు లేవు గాని, ఆరు గాజు బీరువాలున్నాయి. ఖరీదైన పుస్తకాలన్నీ వాటిలోనే. తాళాలు నా దగ్గరే. ఇరవై ఏళ్ల కిందట కొన్న పుస్తకం కూడా ఇవాళ కొట్లోంచి తెచ్చినట్టుంటుంది. ఒక్క పేజీ మడత పడలేదు" అన్నాను.

జోషీ గారు లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి. "ఇన్నాళ్లకు నన్ను అర్థం చేసుకునే మనిషి దొరికాడు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నన్ను తనతో కలుపుకుంటాడేమిటి ఈయన? నాది పుస్తక సంరక్షణ, ఈయనది బొట్టు పెట్టిన పెట్టె. అయినా మర్యాదకు నవ్వాను. ఆ నవ్వు చూసి ఆయన నా కుడిచేతిని కూడా గాజు మీద పెట్టించాడు. పచ్చటి వెలుగు ఒకటి చేతి కింద నడిచింది. నకళ్లు రెండు తీశాడు, ఒకటి ఆల్బమ్‌కు, ఒకటి నాకు. లెక్క నూట పందొమ్మిది అయింది. నాకొద్దని చెప్పవలసింది. చెప్పలేదు సరికదా, మడత పడకుండా సంచీలో అడుగున పెట్టుకున్నాను.

పెన్సిలు మాత్రమే

రెండో రోజు మధ్యాహ్నం సెలవు తీసుకుందామని వెళ్లాను. నిజామాబాద్ మీదుగా వెళ్లాలని, సాయంత్రం నాలుగింటికి బిలోలి వైపు వెళ్లే బస్సు పట్టుకోవాలని నా ఆలోచన. కింద రిఫరెన్సు గదిలో ఒక్క అమ్మాయే ఉంది. ఇటుక రాయంత లావు వృక్షశాస్త్రం పుస్తకం ముందు పెట్టుకుని, తల ఎత్తకుండా నోటుబుక్కులోకి పెన్సిలుతో ఎక్కిస్తోంది.

"పెన్సిలెందుకు?" అన్నాను హణ్మంతుతో.

"సిరా మరక పడ్తదని పెన్ను తేనియ్యరు సార్. గీ పుస్తకం ఇంటికియ్యరు, ఒక్కటే ఉన్నది. గంగామణి అంటరు, మా దిక్కు పిల్లనే. దినాం బస్సు మీద అస్తది, పోతది."

ఆమె దగ్గరకు వెళ్లి తెలుగులోనే అడిగాను. మొదట బెదిరింది, తరువాత చెప్పింది. పాఠం నలభై పేజీలు, నిండా బొమ్మలు. క్లాసులు రెండున్నరకు అయిపోతాయి. బస్సు నాలుగింటికి. అన్నం తిని, నడిచి బస్టాండుకు పోగా, మధ్యలో దొరికేది అరగంట.

"పన్నెండు దినాల సంది రాస్తున్న సార్. తొమ్మిది పేజీలైనయి. రేపటి సంది కాలేజి బంద్, సోమారం పరీక్ష. ఇంకా ముప్పై ఒక్కటున్నయి."

"రాయకపోతే ఏమవుతుంది?"

"నిరుడు గీ పేపర్లనే తప్పిన. మల్ల తప్పితే సదువు బంద్ అన్నడు మా నాయిన. తప్పు ఆయనది గాదు సార్. బస్సు కిరాయికే పెసర్లు అమ్ముతున్నడు."

ఇది చెబుతూ కూడా ఆమె చేతిలో పెన్సిలు ఆగలేదు. సరిగ్గా ఆమె తల మీద, పై అంతస్తులో, బంతిపూల దండ వేసుకుని, అంత డబ్బు పోసి కొన్న మెషీను ఏసీలో కూర్చుని ఉంది. నాకు పట్టలేని కోపం వచ్చింది. మెట్లెక్కి జోషీ గారి ముందు నిలబడ్డాను.

కోపంతో వెళ్లాను గాని, ఆ కోపం చూపిస్తే పని జరగదని గది చల్లదనంలో నిలబడగానే అర్థమైంది. ఆయన్ను తిడితే ఆయన బాధపడతాడు, యంత్రానికి తాళం వేస్తాడు, అంతే. ఆయన మనసులో యంత్రం నడిచేది వచ్చిన పెద్దల కోసమే. ఆ రోజుకు పెద్దమనిషిని నేనే.

"జోషీ గారూ, ఒక ఇబ్బంది వచ్చింది. మా ప్రిన్సిపాల్‌కు నేను నివేదిక రాయాలి. చెయ్యి ఒకటి తీసి చూపించారు, సంతోషం. కానీ వరసగా ముప్పై పేజీలు తీస్తే యంత్రం వేడెక్కుతుందా, మాడుతుందా అని ఆయన అడుగుతారు. చూడలేదని రాయమంటారా?"

ఆయన ముఖం పాలిపోయింది. "ముప్పైయా?"

"మీ యంత్రం గురించి అనుమానం ఉందని రాయడం నాకూ ఇష్టం లేదు."

ఆయన కిటికీలోని అంకెను చూశాడు, నన్ను చూశాడు. చివరికి "మీరు నా లాంటివారు కాబట్టి ఒప్పుకుంటున్నాను" అన్నాడు. మళ్లీ అదే మాట! పళ్లు కొరుక్కుని, లావు పుస్తకం ఏదైనా తెప్పించమన్నాను. కింద బల్ల మీద ఉన్నదే చాలన్నాను.

హణ్మంతు వెళ్లి గంగామణి ముందునుంచి పుస్తకం తీసుకున్నాడు. ఆమె వెంటనే మెట్లెక్కి వచ్చింది. విద్యార్థులు గడప దాటకూడదు కనుక గుమ్మంలోనే నిలబడి, నా వైపు చూసి తెలుగులో అంది:

"సార్, నాకున్నదే అర్ధగంట. గిన్ని పుస్తకాలుండంగ మీకు గిదే కావాల్నా? ఇప్పుడే కదా నా బాధంత చెప్పిన మీకు!"

నీకోసమే తల్లీ అని నోటిదాకా వచ్చింది. హణ్మంతు నా వెనక గొణిగాడు: "ఏం అనకుండ్రి సార్. జోషీ సాబ్‌కు తెలుగు సమజైతది. మాట్లాడరాదు, గంతే." నేను తల తిప్పుకున్నాను. ఆ అమ్మాయి కళ్లలో నా మీద కనిపించిన అసహ్యం, ఆ రెండు రోజులూ నేను నాందేడ్ మీద చూపించినదానికంటే ఎక్కువే.

కొత్త కాగితాల కట్ట సీలు విప్పడానికే జోషీ గారికి పది నిమిషాలు పట్టింది. అగరొత్తి వెలిగించాడు. యంత్రం మొదలైంది. పుస్తకం పెద్దది, పేజీకి ఒక కాగితం. నేను మిగిలిపోయిన పేజీల్లో మొదటిది తెరిచి పెట్టాను. ఒకటి, రెండు, మూడు... ప్రతి కాగితానికీ ఆయన నిట్టూర్చాడు. పందొమ్మిదో పేజీ బయటికి రాగానే కరెంటు పోయింది.

గడియారం మూడుంబావు చూపిస్తోంది. జోషీ గారు "ఇక చాలు కదా?" అన్నాడు ఆశగా. యంత్రం పరీక్ష మధ్యలో ఆగితే నివేదిక అసలు రాయలేనన్నాను. ముగ్గురం చీకటి గదిలో చెమటలు కారుస్తూ కూర్చున్నాం. గుమ్మంలో గంగామణి నోటుబుక్కు గుండెకు ఆనించుకుని అలాగే నిలబడి ఉంది. మూడూ ముప్పై ఆరుకు ఏసీ మళ్లీ గుర్రుమంది. మిగతా పన్నెండూ తీసేసరికి పావు తక్కువ నాలుగు. కిటికీలో నూట యాభై కనిపించింది.

"నూట యాభై!" అన్నాడు జోషీ గారు, ఎవరో పోయారని విన్నట్టు. తరువాత ఆ కాగితాలన్నీ పేర్చి, పరీక్షకు రుజువుగా ఫైలులో పెడతానని పిన్ను కోసం వెతికాడు.

"కుదరదు. నివేదికకు జత చేయాలి. మా ప్రిన్సిపాల్ ప్రతి పేజీ చూస్తారు" అని కట్ట లాక్కుని, ఆయన రిజిస్టరులో "ముప్పై ఒక్క పేజీలు, నమూనాగా తీసుకున్నాను" అని రాసి సంతకం పెట్టాను. ఆయన నా భుజం తట్టి, బాగా రాయమన్నాడు. పాపం, ఆ మాటలో కల్మషం లేదు. నేను కట్ట సంచీలో కుక్కి మెట్లు దిగి పరిగెత్తాను.

నాలుగింటి బస్సు

గంగామణి అప్పటికే వెళ్లిపోయింది. రిక్షా ఎక్కి సగం దూరం వచ్చాక గాని నా కాళ్లకు చెప్పులు లేవని తెలియలేదు. అవి మెషీను గది గుమ్మంలోనే ఉండిపోయాయి, ఇప్పటికీ అక్కడే ఉంటాయి. వెనక్కి వెళితే బస్సు పోతుంది.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. నేను పక్క సీటులో కూలబడి, రొప్పు తగ్గాక, కట్ట తీసి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె మొదటి కాగితం చూసింది, నోటుబుక్కులో తను రాసిన చివరి వాక్యం చూసింది. తరువాత వేలు తడి చేసుకుంటూ ముప్పై ఒక్కటీ లెక్కపెట్టింది.

"గివి నాకేనా సార్?"

"నీకే."

"అయితె గందుకేనా గుంజుకున్నది?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. బస్సు ఊరు దాటింది. "నేనొక్కదాన్నే గాదు సార్, మా దిక్కు నుంచి ముగ్గురం ఉన్నం. ఒక్కతీరు పంచుకోని సదువుతం. బొమ్మలు ఎంత సాఫుగ అచ్చినయో!" అంది. అంతలోనే నా కాళ్లు చూసి, "చెప్పులేవి సార్?" అంది.

"జోషీ గారి దగ్గర వదిలేశాను."

ఆమె పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంక ఊరుకోవచ్చు కదా! ఘనకార్యం చేసినవాడి ధీమాతో జోషీ గారిని, ఆయన ఆల్బమ్‌ను, అగరొత్తిని బిలోలి దగ్గరపడేదాకా వెక్కిరించాను. వాడుకోని వస్తువు ఎంత కొత్తగా ఉంటే మాత్రం ఎందుకమ్మా అని ఉపన్యాసం ఇచ్చాను. ఆమె శ్రద్ధగా విన్నది. విని, మామూలుగా అడిగింది:

"మీ కాలేజీల గిసొంటి పెద్ద పుస్తకాలు ఇంటికిస్తరా సార్?"

ఆరు గాజు బీరువాలు కళ్లముందు నిలిచాయి. నిరుడు జువాలజీ చదివే ఒక పిల్ల ప్రతిరోజూ మధ్యాహ్నం బీరువా ముందు నిలబడి, గాజులోంచి పుస్తకాల వీపుల మీద పేర్లు చదువుకునేది. ఒకనాడు వేలు ఆనించినందుకు, గాజు మీద మరక పడుతుందని కసిరాను. ఆ తరువాత ఆ పిల్ల రాలేదు. జోషీ గారు నా చేతులు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్నది ఊరికే కాదు.

"ఇస్తాం" అన్నాను.

"మీ తాన సదివెటోళ్లు నసీబున్నోళ్లు సార్" అంది గంగామణి, అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నాకు సిగ్గేసింది. ఇలా సిగ్గుపడి ఎన్నాళ్లయిందో కూడా గుర్తులేదు.

బిలోలికి ముందు ఒక దారి మలుపులో ఆమె దిగింది. కట్టను పైటకొంగులో చుట్టుకుని, పొలం బాట పట్టి గబగబా నడిచిపోయింది. బిలోలిలో ఎనిమిది రూపాయలు పోసి రబ్బరు చెప్పులు కొన్నాను. అవి కరిచాయి. నిజామాబాద్ దాకా వాటిని చేతిలో పట్టుకునే వచ్చాను.

బాపట్ల

ప్రిన్సిపాల్ గారికి రెండు వాక్యాల నివేదిక ఇచ్చాను. జిరాక్సు మెషీను కొనండి, మంచిదే. దానికి తలుపున్న గది మాత్రం కట్టించవద్దు. "మీరు వెక్కిరిస్తూ పది పేజీలు రాస్తారనుకున్నానే" అని ఆయన ఆశ్చర్యపోయారు. నమూనా ఏదని అడిగారు, బస్సులో పోయిందన్నాను.

తరువాత గాజు బీరువాల దగ్గరకు వెళ్లాను. మొదటి తాళానికి కొబ్బరినూనె పోయవలసి వచ్చింది. తలుపు తెరిస్తే గుప్పున కొత్త అట్టల వాసన కొట్టింది. ఇరవై ఏళ్లుగా, ఏ ఏడాదికో ఒకసారి తెరిచి, ఆ వాసన చూసి నేను మురిసిపోతూ ఉండేవాణ్ని. బీరువా మీద ప్రకటన అంటించడానికి మంచి కాగితం వెతికితే, సంచీ అడుగున నా అరచేతి నకలు దొరికింది. దాన్ని తిరగేసి, వెనక తెల్లటి వైపు "ఈ బీరువాలోని పుస్తకాలు ఇంటికి ఇవ్వబడును" అని పెద్ద అక్షరాలతో రాసి గాజుకు అంటించాను. నా చేతి బొమ్మ లోపల పుస్తకాల వైపుకు తిరిగింది.

జువాలజీ పిల్లకు నేనే కబురు పంపాను. భయపడుతూ వచ్చింది, నమ్మలేక రెండుసార్లు అడిగి, పుస్తకం తీసుకుపోయింది. మొన్న సోమవారం తిరిగి తెచ్చింది. ఆమె వెళ్లాక తెరిచి చూశాను. నూట పన్నెండో పేజీలో పప్పుచారు మరక, రూపాయి బిళ్లంత.

ఒళ్లు మండిపోయింది. కసరడానికి ఆ పిల్ల ఎదురుగా లేదు. అదే పుస్తకం కోసం వచ్చిన ఇంకో పిల్ల బల్ల దగ్గర చెయ్యి చాచి నిలబడి ఉంది. తారీఖు ముద్ర వేసి ఆమెకు ఇచ్చేశాను.